మాటకు మాట

"శకుంతలా, జర ఇటు రా!"

వెంకట్రాం భార్యను పిలిచాడు.

"జర ఇటు రా" అంది వెనక నుంచి ఒక సన్నని గొంతు.

తిరిగి చూశాడు. అరవై దాటిన ఒకామె. నూలు చీర కట్టుకుంది. ఎవరో తెలియదు.

అది మలేషియాలో ఒక పాత జైలు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను వాళ్లు ఖైదీలను కుక్కిన చోటు, ఇప్పుడు మ్యూజియం. భూపాలపల్లి బొగ్గుగని ఆఫీసు నుంచి కొన్ని కుటుంబాలు కలిసి టూరుకు వచ్చాయి. సకల జనుల సమ్మె ముగిసి రెండు నెలలే అయింది. తెలంగాణ ఇంకా రాలేదు.

ఆమె ఇంకేదో తెలుగు టూరులో వచ్చిందనుకుని వెంకట్రాం ముందుకు నడిచాడు.

ఒక గది ముందు ఆగాడు.

"ఏంది గిది? గింత చిన్న అర్రల మనుషులెట్ల ఉన్నరు?"

"ఏంది గిది... ఎట్ల ఉన్నరు" అంది వెనక గొంతు. ఈసారి చిన్న నవ్వు కూడా తోడైంది.

వెంకట్రాంకు చెవులు వేడెక్కాయి.

అలాంటి నవ్వు ఆయనకు కొత్త కాదు. మానుకోట వైపు పెద్దవంగర నుంచి వచ్చి ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ, కోస్తా నుంచి వచ్చిన తోటి గుమాస్తాలు ఆయన మాటను ఆయనకే అప్పజెప్పి నవ్వేవారు. సినిమాల్లో రౌడీకీ, జోకరుకూ ఆ మాటే. అవన్నీ ఎలాగో దులిపేసుకున్నాడు. కానీ హైదరాబాదు హాస్టల్లో చేరిన కూతురు రిషిత మొదటి సెలవులకు ఇంటికొచ్చి, "బాపూ" అనడం మాని "నాన్నగారూ" అన్నప్పుడు మాత్రం తినే అన్నం ముందు నుంచి లేచిపోయాడు. సమ్మె టెంటులో అందరికంటే ముందు కూర్చున్నది అందుకే.

అద్దాల పెట్టెలో ఖైదీల రేకు చిప్ప ఒకటి ఉంది.

"గీ చిప్పల పిడికెడు బువ్వ పెట్టెటోళ్లట" అన్నాడు భార్యతో, గొంతు బాగా తగ్గించి. తన మాటను తానే దాచుకుంటున్నందుకు సిగ్గేసింది.

"బువ్వ" అంది ఆమె. మళ్లీ "బువ్వ" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇక ఆయన ఆగలేకపోయాడు.

"ఏందమ్మా, ఎక్కిరిస్తున్నవా? ఈడికొచ్చినా మీకు గదే పనా? మా మాట అంత నవ్వులాటయిందా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. ఏదో చెప్పబోయింది. మాట దొరక్క చేతులు జోడించింది.

"పోనీయుండ్రి. పరాయి దేశంల లొల్లెందుకు?" శకుంతల ఆయన చేయి పట్టి లాగింది.

"పోనిచ్చి పోనిచ్చే గింతదాంక వచ్చింది!"

ఆమె రెండడుగులు వెనక్కి వేసి, తల వంచుకుని గబగబా బయటికి వెళ్లిపోయింది.

విమానానికి టైమైందని బస్సు నేరుగా ఎయిర్‌పోర్టు దారి పట్టింది.

"మంచిగ అడిగినవన్నా!" అని ఆఫీసులో తోటి ఉద్యోగి జనగామ సంజీవ భుజం తట్టాడు. బస్సంతా చప్పట్లు కొట్టింది. వెంకట్రాంకు ఎన్నేళ్ల కడుపుమంటో చల్లారినట్టయింది.

ముందు సీట్లోని తమిళ గైడ్ సెల్వం వెనక్కి తిరిగి, వచ్చీరాని హిందీలో అడిగాడు.

"మ్యూజియంలో ఒక పెద్దామె మిమ్మల్ని కలిసిందా సార్? నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. మీది మానుకోట వైపని నిన్న చెప్పారుగా."

"మా దిక్కోళ్లతోని ఆమెకేం పని?"

"పనేం లేదు సార్. మీరు మాట్లాడుతుంటే వింటానంది."

"తెలుగామెనే గదా? తెలుగు ఎన్నడు ఇనలేదా?"

"ఆమెకు తెలుగు రాదు సార్. చిన్నప్పటి మాటలు నాలుగు గుర్తున్నాయి, అంతే."

వెంకట్రాం ముఖంలో నవ్వు ఇంకిపోయింది.

"వాళ్ల నాన్నదీ మానుకోట వైపే" అన్నాడు సెల్వం. "నిజాం పటాలంతో వచ్చి ఆ జైల్లో ఖైదీ అయ్యాడు, యుద్ధం ముగిశాక ఇక్కడే పెళ్లి చేసుకుని ఉండిపోయాడు. ఆమెకు ఆరేళ్లప్పుడు ఆయన పోయాడు సార్. నాన్న మాట మళ్లీ ఆమె చెవిన పడింది ఇవాళే."