అతిథుల ఆదివారం

నారాయణగూడలోని ఆ చర్చిలో అతిథుల ఆదివారం దగ్గరపడుతోంది. ఆ రోజు ప్రతి విశ్వాసీ ఒక కొత్త ఆత్మను, అంటే చర్చి ముఖం చూడని మనిషిని, వెంటబెట్టుకురావాలి. వట్టి చేతులతో వచ్చినవాళ్లను పాస్టరుగారు ప్రేమగా లేచి నిలబడమంటారు. ప్రార్థన చేయడానికే లెండి. పోయినేడు అలా లేచింది సురేశ్ ఒక్కడే.

గాయకబృందంలో ఉన్న కూతురు హారతి అది చూసి తలదించుకుంది. ఇంటికొచ్చాక తేల్చి చెప్పేసింది.

"ఈసారి గూడ నువ్వొక్కనివే నిలబడితే నేను ఇగ చర్చికి రాను డాడీ."

అందుకే సురేశ్ 'సామాన్య విశ్వాసి సువార్త ఎలా పంచాలి' అనే తరగతుల్లో చేరాడు. పాస్టరుగారు చాలా సులువుగా చెప్పారు. మొదటిరోజే బైబిలు తీయకండి. అసలు మతం ఊసే ఎత్తకండి. స్నేహం చేయండి, వాళ్ల గోడు వినండి, కష్టంలో ఆదుకోండి, వేళ వచ్చినప్పుడు పిలవండి. అందరూ ఆమెన్ అన్నారు. అందరికన్నా గట్టిగా సురేశ్ అన్నాడు.

ఆత్మ అశోక్‌నగర్‌లో, మిర్చీబజ్జీల బండి దగ్గర దొరికింది. హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుకుంటున్న కుర్రాడు. తనే వచ్చి పక్కన నిలబడ్డాడు, తనే పలకరించాడు. పేరు రాములు, తాత పేరు పెట్టారట. ఇంతకన్నా పక్కా హిందువు ఎక్కడ దొరుకుతాడని సురేశ్ లోలోపల మురిసిపోయాడు. తన పేరు సురేశ్ అన్న సంగతి ఆ క్షణాన అతనికి గుర్తురాలేదు.

చెప్పినట్టే సురేశ్ మతం ఊసెత్తలేదు. ఇక వినడం మిగిలింది. అదొక్కటే కాస్త తేడా కొట్టింది.

"మొఖం గట్లున్నదేందన్నా?" అని రాములు అడిగేవాడు. అంతే. బషీర్‌బాగ్ ఆఫీసులో తన ప్రమోషన్ తన్నుకుపోయినవాడి దగ్గర్నుంచి కిరాయి పెంచిన ఓనరు దాకా సురేశ్ అన్నీ ఏకరువు పెట్టేవాడు. రాములు అడ్డుపడేవాడు కాదు, వాదించేవాడు కాదు. పైగా చాయ్ కూడా తనే ఇప్పించేవాడు.

హారతికి డెంగీ వచ్చి హైదర్‌గూడలో ఆసుపత్రిలో చేర్చినప్పుడు ప్లేట్‌లెట్లు ఇచ్చింది రాములే. ఇచ్చి వచ్చి ఆ పిల్ల మంచం పక్కన కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. నీరసంతో తూలుతున్నాడనుకుని సురేశ్ కుర్చీ జరిపాడు. కష్టంలో ఆదుకునే అవకాశం తనకు రానివ్వడం లేదని కొంచెం చిరాకు కూడా పడ్డాడు. అయినా మరుసటి తరగతిలో లేచి, "నేను పట్టిన ఆత్మ మెత్తబడుతున్నది" అని సాక్ష్యం చెప్పాడు. చప్పట్లు బాగానే పడ్డాయి.

హారతి కోలుకుంది. ఆదివారం ఇక రెండు రోజులుందనగా బండి దగ్గర సురేశ్ గొంతు సవరించుకున్నాడు.

"తమ్మీ, ఎల్లుండి మా చర్చికి రావాలె."

రాములు చేతిలో బజ్జీ నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. "చర్చికా? నువ్వు చర్చికి పోతవా అన్నా?"

"పరేషాన్ గాకు. జర కొత్తగుంటది, అంతే."

"గది కాదన్నా. నేనే నిన్ను ఒక దగ్గరికి తోల్కపోదామని..."

"సినిమాకా? తర్వాత చూద్దాం తియ్యి." సురేశ్ మాట మధ్యలోనే తుంచేశాడు. ఆపైన మాత్రం నిజంగానే బతిమాలాడు. "నువ్వు రాకుంటే అందరి ముంగట మళ్ల నేనొక్కన్నే నిలబడాలె. నా బిడ్డ ఇగ చర్చికే రానంటున్నది తమ్మీ."

రాములు చేతిలోని బజ్జీ తిరిగి కాగితంలో పెట్టాడు. చెప్పబోయింది మింగేశాడు.

"వస్తనన్నా. పొద్దుగాలనే గదా? సాయంత్రం నాకు పనుంది."

ఆదివారం సురేశ్ రాములును మొదటి వరుసలో కూర్చోబెట్టాడు, వెనక ఉన్నవాళ్లకు బాగా కనబడాలి కదా. పాట మొదలైంది. రాములు కళ్లు మూసుకుని గొంతు కలిపాడు.

"పుస్తకం చూడకుంటనే పాడుతున్నడేంది?" భార్య వందన సురేశ్ చెవిలో అడిగింది.

"కోచింగ్ పోరలు. ఒక్కపారి వింటే పట్టేస్తరు."

పాస్టరుగారు వట్టి చేతులవాళ్లను లేవమన్నారు. అక్కడొకరు ఇక్కడొకరు లేచారు. సురేశ్ కూర్చున్నాడు. కూర్చోవడంలో ఇంత సుఖముందని అతనికి ఇన్నేళ్లూ తెలియదు. గాయకబృందంలోంచి హారతి తండ్రిని చూసి నవ్వింది. సురేశ్ కళ్లు చెమర్చాయి. దేవుడి మీద భక్తితో అనుకున్నారు పక్కవాళ్లు.

ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో బిర్యానీ పెట్టారు. సురేశ్ రాములు భుజమ్మీద చెయ్యేశాడు. ఆత్మను సంపాదించినవాడి చెయ్యి కాస్త బరువుగానే ఉంటుంది.

"ఎట్లనిపించింది తమ్మీ? నీకేమన్న కావాల్నంటే నన్నడుగు. మొహమాటపడకు."

రాములు ప్లేటు పక్కన పెట్టాడు.

"ఒక్కటేనన్నా, సాయంత్రం జర చిక్కడపల్లి దాకా రా, మా చర్చిల గూడ ఇయ్యాల అతిథుల ఆదివారమే, బజ్జీల బండి కాడ మొదటిరోజు నుంచి నేను పట్టిన ఆత్మవు నువ్వే, నువ్వు రాకుంటే అందరి ముంగట నేనొక్కన్నే నిలబడాలె."