మ్యాపులో లేని చెట్టు

"ఇక్కడ చెట్లేం లేవు," అన్నాడు సర్వేయర్ నాగేంద్రబాబు, మొహానికి తగులుతున్న కొమ్మని పక్కకి నెడుతూ.

కోడూరు అవతల ఆ పాయకి రెండు పక్కలా మడ అడవే. పడవ నడుపుతున్న వెంకాయమ్మ తెడ్డు ఆపింది.

"మరి మీరు నెట్టిందేంటండీ?"

"కొమ్మ. మ్యాపులో మాత్రం ఖాళీ స్థలం. నేను సంతకం పెడితే రేపు పొక్లెయిన్ వచ్చిద్ది, రొయ్యల చెరువులు తవ్వుతారు. మీకూ మంచిదేలే పిన్నిగారూ."

"ఈ వేళ్ళ సందుల్లో పీతలున్నాయండీ. మా వీధిలో పాతిక ఇళ్ళు బతికేది వాటి మీదే. మా అమ్మాయి సుమతి నర్సింగు చదివిందీ వాటి మీదే. చెట్టు కొట్టేస్తే పీత ఎక్కడుంటది, మీ మ్యాపులోనా?"

"అవన్నీ రాయడానికి ఫారంలో గడి లేదు."

వెంకాయమ్మ మళ్ళీ తెడ్డు వేసింది. పడవని ఒడ్డుకి ఆనించింది.

"అయితే దిగి కొలుచుకోండి."

నాగేంద్రబాబు దిగాడు. జర్రున జారాడు. చూసుకునేసరికి నడుం దాకా బురద. చేతికందిన మడ చెట్టుని రెండు చేతులా వాటేసుకున్నాడు.

"పిన్నిగారూ, చెయ్యివ్వండి."

"కదలకండి, లోపలికి లాగేసిద్ది. పోయినేడు ఓ గేదె ఇక్కడే దిగబడింది. మూడో రోజుకి మంగినపూడి బీచిలో తేలింది. పాలివ్వడం మాత్రం మానలేదు."

నాగేంద్రబాబు చెట్టుని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. ఓ పీత వచ్చి ఆయన చొక్కా గుండీని తనిఖీ చేసి వెళ్ళింది.

"సముద్రం పోటు మొదలైందండీ," అంది వెంకాయమ్మ, నీళ్ళ వైపు చూస్తూ.

"చెయ్యివ్వు తల్లీ."

"ఇస్తాను. మీరు పట్టుకున్నదేంటో చెప్పండి."

"చెట్టు."

"ఒకటేనా?"

ఆయన తల తిప్పి చూశాడు. "అడవి."

"పీతలు?"

"ఉన్నాయి. ఒకటి ప్యాంటులోకి పోయింది."

"అదే రాయండి."

"గడి..."

"పక్కన బోలెడు జాగా ఉంది."

వెంకాయమ్మ పడవలో ఉన్న ఆయన ఫైలూ పెన్నూ అందించింది. నాగేంద్రబాబు ఓ చేత్తో చెట్టుని వదలకుండానే రాశాడు: 'దట్టమైన మడ అడవి. పాతిక కుటుంబాలకి ఇదే ఆధారం. చెరువులు తవ్వడానికి పనికిరాదు.' సంతకం పెట్టాడు. తేదీ కూడా వేశాడు.

వెంకాయమ్మ ఫైలుని తన పీతల బుట్ట మీద భద్రంగా పెట్టింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, తాపీగా పడవ దిగింది.

"ఇంక లేచి నుంచోండి బాబూ. మోకాళ్ళ మీద కూర్చుంటే ఎవరికైనా నడుం దాకానే వస్తది."