తెల్ల కళ్ల బొమ్మిడాయిలు

అంతరించిపోయిన చేపల్ని పాత పుస్తకాల్లోని బొమ్మలు చూసి యంత్రాలు మళ్లీ పుట్టిస్తున్నాయి. ఇవాళ పులుసుకని రావులపాలెం బజారుకెళ్తే తొట్టిలో బొమ్మిడాయిలు కనిపించాయి. అన్నిటికీ కళ్లు తెల్లగా ఉన్నాయి.

"పుట్టుగుడ్డియ్యండి మామ్మగారూ. చెయ్యెడితే పారిపోవు, మాకదే సుఖం," అంది చేపలమ్మే నూకరత్నం.

బొమ్మిడాయికి మిగిలిన బొమ్మ ఒక్కటే. ముప్ఫయ్యేళ్ల కిందట మ్యూజియం వాళ్ల పుస్తకం కోసం నేను వేసింది. అప్పుడు నా ముందున్నది సీసాలో, స్పిరిట్‌లో నానుతున్న చచ్చిన చేప. దాని కన్ను తెల్లబడిపోయింది. నల్లగా దిద్దమని మా గురువుగారు చెప్పినా, ఉన్నదున్నట్టే వేస్తానని పంతం పట్టాను.

"పట్టుకు చూడండి," అంది రత్నం.

నీళ్లలో చెయ్యి పెట్టాను. అవి బెదరకుండా వచ్చి, ఆ కన్ను వేసిన వేళ్లకే ఒళ్లు రాసుకుంటూ తిరిగాయి.