రేవు ఆచారం

“మొదటి సవారి నీదే అన్నా. వదినెను, బిడ్డను తోల్కరా. ముగ్గురు కూసుండి ఆవలి ఒడ్డుకు దాటాలె. ఆ తర్వాతనే మంది ఎక్కుతరు,” అన్నాడు ఈరన్న.

పడవ అంచుకు నీలం రంగు వేస్తున్న కురుమూర్తి కుంచె ఆగిపోయింది.

“ఏంది? మేమెందుకు?”

“పడవ బాగు చేసినోడు ఆలుబిడ్డలతోని మొదలు దాటాలె. మా రేవుల ఆచారం. మా తాత నాటి సంది ఉంది.”

ఈరన్న కృష్ణానదిలో గుండ్రటి పుట్టి నడిపి మందిని దాటించే మనిషి. పట్నంలో చెరువు మీద ఆటలాడుకునే వాళ్లు వద్దనుకున్న పాత ఫైబర్ తెరచాప పడవను వేలంలో పాడుకొని లారీ మీద తెచ్చుకున్నాడు. అడుగున పెద్ద చీలిక, పక్కన ఒక బొక్క. గద్వాల బస్టాండు వెనక కూలర్ల డబ్బాలు, నీళ్ల ట్యాంకులు అతికే కురుమూర్తిని పిలిపించి పని అప్పజెప్పాడు. సోమవారం నుంచి మిరపకాయలు తెంపే ఆడవాళ్లు ఇందులోనే ఆవలికి పోవాలి.

కురుమూర్తి వెనకాడడానికి కారణం ఉంది. ఆ చీలిక మీద మూడు వరసల ఫైబర్ మ్యాట్ పరిచి రెజిన్ జిగురు పూయాలి. భార్య యమున మూడు వరసలకూ కొలిచి కత్తిరించి ఇచ్చింది కూడా. దొరగారు నిన్న ఒక్క వరస అతికి, మిగతాదంతా లప్పంతో మెత్తి, నున్నగా గీకి ఊరుకున్నారు. రెండు వరసల మ్యాట్ సంచిలోనే ఇంటికి తిరిగొచ్చింది. ఎండలు ముదరకముందే కూలర్ల పని అందుకోవాలని తొందర. లప్పం కూలర్‌కైతే చెల్లుతుంది. రెండు నిలువుల లోతు నీటి మీద చెల్లదని అతనికి బాగా తెలుసు. పైగా తెలకపల్లి మెట్టలో పుట్టినవాడు, మోకాలి లోతు దాటి నీళ్లలో దిగిన పాపాన పోలేదు.

“మీ వదినెకు నీళ్లంటే భయం ఈరన్నా.”

“కండ్లు మూసుకోని కూసుంటది తియ్.”

“బిడ్డకు ఇస్కూలుంది.”

“ఆదివారం గూడనా?”

సాయంత్రం ఇంట్లో యమునకు సంగతి చెప్పాడు. ఆమె రానంటే చాలు, గండం గడిచినట్టే అనుకున్నాడు.

“పోదాం. నేను పుట్టి పెరిగినంక పడవెక్కలే,” అంది ఆమె జొన్నరొట్టె కాలుస్తూ.

“నీకు ఈత రాదు గదనే!”

“నీకొస్తదా? నువ్వు బాగు చేసిన పడవ, ఈతతోని ఏం పని?”

ఆరేళ్ల యామిని అప్పుడే ఏ గౌను వేసుకోవాలో వెతుక్కుంటోంది. కురుమూర్తి నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు. సిగ్గేసి మూసుకున్నాడు.

మర్నాడు తెల్లారేసరికి రేవులో ఉన్నాడు. పడవను బోర్లా తిప్పి, వేసిన రంగంతా గీకేస్తుంటే ఈరన్న పరుగెత్తుకొచ్చాడు.

“ఏమాయె అన్నా? మస్తుగుండె గద!”

“రంగు మంచిగ వడలే.”

రంగు మంచిగా పడకపోతే అడుగు దాకా తవ్వుతారా అని ఈరన్న అడగలేదు. లప్పం పెళ్లలు పెళ్లలుగా ఊడింది. మూడు వరసలు చాలిన చోట కురుమూర్తి నాలుగు వేశాడు. బొక్కను లోపలి నుంచీ బయటి నుంచీ అతికాడు. బాగున్న చోట కూడా వేలితో కొట్టి చప్పుడు విన్నాడు. కూలర్ల వాళ్లు కబురు మీద కబురు పెడుతున్నా కదల్లేదు. శనివారం పడవను దిమ్మల మీదికెత్తి, లోపల నీళ్లు పోసి, పొద్దంతా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. కింద ఇసుక తడవలేదు.

ఆదివారం యమున కొత్త చీర కట్టుకొని వచ్చింది. యూరియా బస్తాలు కుట్టి చేసిన తెరచాపను ఈరన్న ఎత్తాడు. గాలి అందుకొని పడవ ఒడ్డు వదిలింది. యామిని చప్పట్లు కొట్టింది. కురుమూర్తి మాత్రం నది వైపు చూడలేదు. రెండు అరచేతులూ అడుగున ఆనించి అతుకు వైపే చూస్తూ కూర్చున్నాడు. సగం దూరంలో పడవ పక్కకు ఒరిగి నీళ్లు లోపలికి చిమ్మాయి. అతని పై ప్రాణాలు పైనే పోయాయి. అతుకును తడిమి తడిమి చూశాడు. అవి అలకు ఎగిరిపడ్డ నీళ్లే. అతుకులోంచి చుక్క రాలేదు.

ఆవలి ఒడ్డున కాలు పెట్టేసరికి అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ఇంత గట్టి పని తను ఇంతకుముందెప్పుడూ చేయలేదు. అక్కడ పడవ కోసం కూర్చున్న ముసలి తిరుపతమ్మను చూసి ఛాతీ విరుచుకున్నాడు.

“అవ్వా, నిమ్మళంగ ఎక్కు. మీ ఆచారం ప్రకారం ఆలుబిడ్డలతోని నేనే మొదలు దాటిన.”

“ఏం ఆచారం బిడ్డా? అరవై ఏండ్ల సంది ఈ రేవు దాటుతున్న. గసొంటిది నేనెన్నడు ఇనలే.”

కురుమూర్తి గిర్రున వెనక్కి తిరిగాడు. యమున కూతురి చేయి పట్టుకొని అప్పటికే గట్టెక్కుతోంది. తాడు కడుతున్న ఈరన్న నవ్వాపుకోలేక తల వంచుకున్నాడు.

“నా మీదికి రాకన్నా. ‘మందికైతే లప్పం కొడతడు, మాకైతే కొట్టడు, మమ్ముల ఎక్కిస్తనని చెప్పు’ అని వదినెనే రేవు హోటల్‌కు ఫోన్ చేసింది.”