వెరీ ఎనార్మస్

"మీ పేరండీ?"

"బాల్‌రాజ్, సార్."

"బాల్‌రాజ్ గారూ, ఎనార్మస్ అంటే ఏంటో చెప్పండి."

బాల్‌రాజ్ లేచి నిలబడ్డాడు. ముచ్చెమటలు పోశాయి. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో ఎదురు సందులో, రెండో అంతస్తులో స్పోకెన్ ఇంగ్లీష్ డెమో క్లాసు జరుగుతోంది. హాలు కిటకిటలాడిపోతోంది. అంతా కాలేజీ పిల్లలే, నలభై దాటినవాడు తనొక్కడే. ఇవాళ ఇక్కడ నెగ్గుకు రాకపోతే ఉద్యోగం ఊడినట్టేనని యజమాని నిన్ననే తెగేసి చెప్పాడు. ఇంటర్ చదివే కూతురున్నవాడికి అది ఎంత భయమో వేరే చెప్పాలా!

"పెద్దది, సార్."

"ఎంత పెద్దది?"

"జర... జర పెద్దది."

హాలు గొల్లుమంది. ట్రైనర్ నాగార్జున చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు.

"నవ్వకండర్రా! మామూలుగా పెద్దదైతే బిగ్. చూసినవాడు నోరెళ్ళబెట్టేంత పెద్దదైతేనే ఎనార్మస్. ఒక వాక్యం చెప్పండి, బాల్‌రాజ్ గారూ."

"సరూర్‌నగర్ లేక్ ఈజ్ వెరీ ఎనార్మస్."

"అక్కడే తప్పులో కాలేశారు. 'చాలా' అన్నది ఎనార్మస్ కడుపులోనే ఉంది. ముందు వెరీ పెట్టకూడదు. మళ్ళీ చెప్పండి."

"లేక్ ఈజ్... వెరీ..."

మళ్ళీ నవ్వులు. వీళ్ళ నవ్వులు పాడుగాను, మనిషి చెమటలు కక్కుతుంటే కనబడదా! పక్క కుర్చీలోని అమ్మాయి మాత్రం నవ్వలేదు. రెప్ప వెయ్యకుండా అతన్నే చూస్తోంది.

"మిమ్మల్ని ఎక్కడో చూశానండీ" అంది మెల్లగా.

బాల్‌రాజ్ గుండె గుభేలుమంది. తెలిసినవాళ్ళెవరి కంటా పడకూడదనే కదా వెనక వరసలో కూర్చున్నాడు!

"మాది ఎల్బీ నగర్ బిడ్డా. ఆడ చూసినవేమో" అని ముఖం తిప్పుకున్నాడు.

"కూర్చోండి. క్లాసయ్యేలోపు మళ్ళీ అడుగుతా" అన్నాడు నాగార్జున.

ఆ తర్వాత పాఠం సాగుతూనే ఉంది గానీ బాల్‌రాజ్‌కు ప్రాణం ప్రాణంలో లేదు. ఆ పిల్ల చూపు తన మీదనుంచి కదలడం లేదు. చివరికి ట్రైనర్ వేలు మళ్ళీ అతనివైపే తిరిగింది. ఏమైతే అయిందనుకుని లేచాడు.

"సార్... మై ఫియర్ వాజ్ ఎనార్మస్. నౌ ఇట్ ఈజ్ టైనీ."

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ఇందాక పగలబడి నవ్వినవాళ్ళే ఇప్పుడు లేచి నిలబడి మరీ కొట్టారు.

పక్కనున్న అమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

"నా పేరు సింధు అండీ. నాగోల్ నుంచి వచ్చాను. మీరు అచ్చం మా బాబాయిలా ఉన్నారు, అందుకే అలా చూస్తుండిపోయా. ఇంగ్లీష్ రాక రెండు ఇంటర్వ్యూలు పోయాయి. ఇక నావల్ల కాదనుకున్నా. మిమ్మల్ని చూశాక ధైర్యం వచ్చింది అంకుల్. ఇప్పుడే చేరిపోతా."

బాల్‌రాజ్ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"మంచిగ నేర్చుకో బిడ్డా" అన్నాడు.

సింధు వెనకే పిల్లలంతా అడ్మిషన్ కౌంటర్ వైపు తోసుకుంటూ వెళ్ళారు. హాలు ఖాళీ అయ్యాక నాగార్జున తలుపు దగ్గరగా వేసి వచ్చి, అతని భుజం తట్టాడు.

"రేపు ఎల్బీ నగర్ బ్రాంచి డెమోలోనూ ఇలాగే తడబడు, బాల్‌రాజ్."