214వ నంబరు కార్డు

మంగళవారం ఉదయం పదీ ఇరవైకి, మూతపడిన నూలుమిల్లు రికార్డుల గదిలో, ఫ్రేముల దుకాణదారుకు తండ్రి దొరికాడు. హాజరు పుస్తకంలో ఒక్క వరుస.

"214. లోపలికి ఆరు గంటలు. బయటికి... ఖాళీ," వేలు ఆనించి చదివాడు రికార్డు కీపరు. "మీరు వెతికేది ఈయన్నేనా సార్?"

దుకాణదారు తలూపాడు. అతనికి అరవై రెండేళ్లు. మిల్లులో బాయిలరు పేలిన రోజుకి ఎనిమిది నెలల పసివాడు. ఊళ్లో అందరి తండ్రులకూ ఫ్రేములు కట్టాడు గానీ, తన తండ్రి ఎలా ఉండేవాడో తెలియదు. ఇంట్లో ఒక్క ఫొటో లేదు.

"ఖాళీ అంటే?" అని అడిగింది కూతురు. ఆమె బడిలో చరిత్ర చెబుతుంది. ఈ వెతుకులాట మొదలుపెట్టింది ఆమే.

"లోపలికి వెళ్లేవాళ్లు గేటు దగ్గర తమ నంబరు టోకెను తీసుకోవాలమ్మా. వచ్చేటప్పుడు మళ్లీ బోర్డుకి తగిలించాలి. ఆ రోజు మంటలారాక మనుషుల్ని గుర్తుపట్టే పరిస్థితి లేదు. బోర్డుకి రాని టోకెన్లు చూసుకున్నారు. పదకొండు. పదకొండు మంది పోయారని రాసేశారు. మా నాన్న ఇక్కడే టైం కీపరు. భోజనానికి కూర్చుంటే చాలు, మాకు ఈ కథే వడ్డించేవాడు."

దుకాణదారు చూపు కింది వరుస మీదికి జరిగింది. 215. ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. వారం తర్వాత ఆ నంబరు కొట్టేశారు.

215 పక్కనున్న పేరు అతనికి తెలుసు. తండ్రి స్నేహితుడు. ఏడాది తిరక్కుండా అమ్మ వేరే ఊరు వచ్చి పెళ్లి చేసుకున్నది ఆయన్నే.

"చూశావా? అక్కడ మా నాన్న కాలిపోతుంటే, మీ తాతయ్య ఇంట్లో కాళ్లు చాపుకుని పడుకున్నాడు."

"నెమ్మది నాన్నా."

"ఫొటో ఏమైనా ఉంటుందా?" అని కీపర్ని అడిగాడు.

"ప్రతివాడికీ ఒక కార్డు ఉండేది సార్, ఫొటోతో సహా. ఆ పెట్టెలు వెనక గదిలో ఉన్నాయి. ఎలుకలు దయతలచి ఉంటే గురువారానికి తీసిపెడతాను."

ఇంటికొచ్చేసరికి అమ్మని కట్టుకున్న ముసలాయన దుకాణంలో కూర్చుని అద్దాలు తుడుస్తున్నాడు. ఎనభై ఐదేళ్లు. ఆ పని ఆయనకి ఎవరూ చెప్పలేదు, మానమనీ అనలేదు. దుకాణదారు ఆయన్ని ఏ వరుసా పెట్టి పిలవడు. ఏదైనా కావాలంటే మధ్యలో కూతురుండాలి. ఆయనకీ అమ్మకీ పెళ్లినాడు తీసిన ఫొటో అట్టపెట్టెలో అడుగున ఉంది. దానికో ఫ్రేము కట్టరా అని అమ్మ పోయేదాకా అడిగింది. అతను కట్టలేదు.

"మీ తాతయ్యని అడుగు, మా నాన్న ఎలా ఉండేవాడో," అన్నాడు దుకాణదారు.

"వినపడింది," అన్నాడు ముసలాయన. "మామూలు మనిషి. పిరికివాడు."

"విన్నావా? పోయినవాణ్ణి పట్టుకుని పిరికివాడంటున్నాడు!"

"అడిగారు కాబట్టి చెప్పాను."

కూతురు స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. "ఆ రోజు మీరెందుకు వెళ్లలేదు తాతయ్యా?"

"ఇంట్లో జ్వరం." ముసలాయన అద్దం వెలుగుకి ఎత్తి చూశాడు. ఇంకోసారి తుడిచాడు. "నా బదులు బాయిలరు డ్యూటీకి నా స్నేహితుడు వెళ్లాడు."

దుకాణదారు చేతిలో సుత్తి బల్ల మీద పెట్టాడు. "రాసుకో. తేదీతో సహా రాసుకో. తను పోవాల్సిన చోటికి మా నాన్నని పంపించాడు. ఆ తర్వాత మా అమ్మని కట్టుకున్నాడు. ఇన్నాళ్లకి నోరు విప్పాడు మహానుభావుడు."

ముసలాయన ఇంకో అద్దం చేతిలోకి తీసుకున్నాడు.

"సరే, ఫొటో దొరికిందే అనుకో. ఏం చేస్తావు నాన్నా?" మాట మార్చడానికి అడిగింది కూతురు.

"దాని ఎదురుగా నిలబడి 'నాన్నా' అని పిలుస్తాను. ఒక్కసారి. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఎవర్నీ అనలేదు నేను."

అద్దం తుడిచే చప్పుడు ఆగింది.

"గురువారం నేనూ వస్తాను," అన్నాడు ముసలాయన.

గురువారం పదకొండూ ఐదుకి ముగ్గురూ మిల్లుకి చేరారు. మెట్లెక్కే ముందు దుకాణదారు కూతురితో, "ఆయన్ని బయటే కూర్చోమను," అన్నాడు. రికార్డుల గది కిటికీ అవతల ఒక బెంచీ ఉంది. ముసలాయన దాని మీద కూర్చుని చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

కీపరు అప్పటికే పెట్టె దించి ఉంచాడు. ఒక్కో కార్డూ దుమ్ము ఊది తిప్పుతూ నోటికి పని చెప్పాడు.

"ఈ ఫొటో కార్డులు ఎందుకొచ్చాయనుకున్నారు? ఒకడి టోకెను మీద ఇంకొకడు డ్యూటీ చేసేవాడట. పట్టుబడితే ఇద్దరికీ జైలే. కార్డులైతే పెట్టారు గానీ, పొద్దున్నే ఆరింటికి గేటు దగ్గర మొహాలు ఎవడు చూస్తాడు? టోకెను చూపిస్తే పో అనేవారు... 212... 213... ఇదిగోనండీ. మీ అదృష్టం. ఎలుకలు ముట్టుకోలేదు."

కూతురు ముందు చూసింది. చూసి కిటికీ వైపు తిరిగింది.

"నాన్నా," అంది. కార్డు అతని వైపు చాపింది.

దుకాణదారు కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. కార్డు అందుకున్నాడు. నంబరు 214. తండ్రి పేరు సరిపోయింది. తండ్రికి తండ్రి పేరూ సరిపోయింది. వయసు ఇరవై రెండు. మిల్లు ముద్ర సగం కార్డు మీద, సగం ఫొటో మీద పడింది. రెండు సగాలూ కలిశాయి.

ఫొటోలో ఉన్నది బయట బెంచీ మీద కూర్చున్న మనిషి.