వెనక సీట్లో అత్తమ్మ

తారాబాయి మళ్ళీ వెనక సీట్లోనే కూర్చుంది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, బెల్టు తగిలించుకుని, "ఇగ పోదాం పా బిడ్డా" అంది.

మహిధర్ లోలోపల ఉసూరుమన్నాడు. అత్తగారు హనుమకొండ నుంచి ఆక్లాండ్ శివార్లలోని టకానినికి వచ్చి రెండు వారాలైనా కాలేదు, అప్పుడే అతని డ్రైవింగ్ స్కూల్ కారులో ఆవిడకు శాశ్వతంగా ఓ చోటు ఏర్పడిపోయింది. పరాయి దేశం వచ్చిన అత్తగార్లు సముద్రమో, షాపింగ్ మాలో చూస్తామంటారు. ఈవిడ మాత్రం అల్లుడి పాఠాలు చూస్తానంటోంది.

చూడ్డం కాదు, తనిఖీ అని అతని అనుమానం. అందుకు కారణం లేకపోలేదు. పెళ్ళినాటికి మహిధర్ వెల్లింగ్టన్‌లో సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టులో ఉన్నాడు. అది అయిపోయాక ఆక్లాండ్ వచ్చి, మనసుకు నచ్చిన పని కదా అని, తెలుగువాళ్ళకు తెలుగులోనే కారు నడపడం నేర్పడం మొదలుపెట్టాడు. ఆ సంగతి భార్య శరణ్య తల్లికి చెప్పిన రోజు, ఫోన్ స్పీకర్లోంచి అత్తగారి మాట అతని చెవినే పడింది.

"కారు నడుపుడు గూడ ఒక నౌకరేనా బిడ్డా?"

మూడేళ్ళైనా ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఈ రాకలో ఎలాగైనా ఆవిడ నోట ఒక్క మంచి మాట అనిపించుకోవాలని అతని పట్టుదల.

ఆ రోజు పాఠం నిరుపమది. ఆమె దగ్గర్లోని మనురేవాలో ఓ వృద్ధాశ్రమంలో నర్సు. నలభై దాటాయి. టెస్టు రెండుసార్లు తప్పింది.

"మలుపు వస్తుంది. అద్దం చూడండి, సిగ్నల్ వెయ్యండి, ఒకసారి తల తిప్పి పక్కకు చూడండి" అన్నాడు మహిధర్. "బ్రేక్ మెత్తగా. డాష్‌బోర్డు మీద నిండు టీ గ్లాసు ఉందనుకోండి. ఒలకొద్దు."

"నా చేతులు ఇట్టా వణుకుతుంటే టీ ఎక్కడ ఆగుద్దండీ!"

మహిధర్ నవ్వి, ఓరగా వెనక్కి చూశాడు. తారాబాయి కుడికాలితో కారు నేలను అదిమిపట్టి ఉంది. పెదవులు ఏదో గొణుగుతున్నాయి. ప్రాణభయంతో చదివే ఆంజనేయ దండకం కాబోలు. పైగా మలుపు వచ్చిన ప్రతిసారీ మొహం పక్కకు తిప్పేసుకుంటోంది. ఇంత పెద్ద చదువు చదివి ఇదా నా అల్లుడి పని అన్నట్టే తోచింది అతనికి.

ఇంటికి రాగానే శరణ్యను వంటింట్లోకి లాక్కెళ్ళాడు. "మీ అమ్మకు భయమైతుంది. ఇంట్ల ఉండుమని నువ్వన్నా చెప్పరాదు?"

"చెప్పిన. ఇంట్ల ఏం తోస్తలేదట" అంది శరణ్య. "అక్కడ గూడ అంతే. మోకాళ్ళ నొప్పులని నాన్న ఆటోమేటిక్ కారు కొన్నడు గద, ఆయన పోయినంక అమ్మేయమంటే అమ్మనంటది. ఎవల్నో బతిమాలి స్టార్ట్ చేపిస్తది, మళ్ళ కవర్ కప్పుతది. మా అమ్మ మొండిదని నీకు తెల్వదా?"

భోజనాల దగ్గర తారాబాయి అడగనే అడిగింది. "ఆ గుండ్రంగ తిరిగే కాడ నర్సమ్మను ఎందుకు ఆపినవ్ బిడ్డా? తొవ్వ ఖాళీగనే ఉండె గద."

మహిధర్ చెవులు వేడెక్కాయి. "ఖాళీ లేదు అత్తమ్మా. కుడి దిక్కు నుంచి బండి వస్తుంటే దానికి దారి ఇయ్యాలె." పప్పు గిన్నెను బల్ల మధ్యకు జరిపి, చుట్టూ చెంచాలు పేర్చి చూపించాడు.

ఆవిడ ఒక చెంచా అందుకుంది. కాసేపు ఆపింది, కుడివైపు చూసింది, తర్వాత పప్పు గిన్నె చుట్టూ నడిపించి ఊరగాయ సీసా పక్కన నిలబెట్టింది.

"ఇట్లనా?"

"గట్లనే."

"మంచిగ చెప్తవ్" అంది పప్పు వడ్డించుకుంటూ.

ఆ పూట మహిధర్ మారు అన్నం పెట్టించుకున్నాడు.

తర్వాతి వారం నిరుపమ టెస్టు పాసైంది. మైసూర్‌పాక్ డబ్బాతో తానే కారు నడుపుకుంటూ వచ్చింది. "మీ అల్లుడుగారు నాకు గురువండీ ఆంటీ" అంటూ తారాబాయి చేతిలో ఓ ముక్క పెట్టింది. మహిధర్‌కు ఒళ్ళు పొంగిపోయింది. తారాబాయి మాత్రం ఆ ముక్కను చేతిలోనే ఉంచుకుంది.

"ఒక్కదానివే నడిపితే ఎట్లుంటది బిడ్డా?"

"పక్కన ఎవరూ లేరన్న సంగతి రెండు వీధులు దాటాకే గుర్తొచ్చిందాంటీ. ఒక్కదాన్నే పకపకా నవ్వేశా!"

తారాబాయి కూడా నవ్వింది. ఆవిడ అంత మనసారా నవ్వగా మహిధర్ ఎన్నడూ చూడలేదు.

తిరుగు ప్రయాణం నాడు ఎయిర్‌పోర్టులో, ట్రాలీ అతని చేతిలోంచి తీసుకుంటూ తారాబాయి అంది. "మంచి విద్య పట్టుకున్నవ్ బిడ్డా. ఇడువకు."

మహిధర్‌కు మూడేళ్ళ ముల్లు ఎక్కడ రాలిపోయిందో కూడా తెలియలేదు. ఇంటికి వెళ్తూ దారంతా కూనిరాగం తీశాడు.

నాలుగు నెలల తర్వాత, హనుమకొండలో పక్కింటి రామారావు అంకుల్ శరణ్యకు ఓ వీడియో పంపాడు. ఇంటి ముందు కారు కవర్ తీసి ఉంది. కారు మాత్రం లేదు.

"అమ్మేసినట్టుంది" అంది శరణ్య. తండ్రి గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతలో వీడియోలో వీధి చివర అదే కారు కనిపించింది. కడిగి తుడిచి, తళతళలాడుతోంది. మలుపుకు చాలా ముందే సిగ్నల్ వెలిగింది. కుడివైపు నుంచి ఓ గేదె వస్తుంటే ఆగి, దానికి మర్యాదగా దారి ఇచ్చి, మెల్లగా తిరిగి గేటు ముందుకొచ్చి నిలిచింది. టీ గ్లాసు ఉన్నా చుక్క ఒలికేది కాదు.

"ఎవరో గానీ, అత్తమ్మ మంచి డ్రైవర్నే పెట్టుకుంది" అన్నాడు మహిధర్ మెచ్చుకోలుగా.

కారు తలుపు తెరుచుకుంది. ముందు ఓ జత చెప్పులు నేల మీద పడ్డాయి.

డ్రైవర్ సీట్లోంచి తారాబాయి దిగింది.